నాగులు తెరిచిన పెన్‌డ్రైవ్

మార్కాపురం బస్టాండు వెనక సందులో నాది జెరాక్స్ దుకాణం. పక్క షట్టరు నాగులుది, కంప్యూటర్ల రిపేరు. పదకొండేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఒక గోడా, రోజుకొక పోట్లాటా ఉన్నాయి. నా పేరు అనురాధ. నా నోరు మంచిది కాదని ఈ సందులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. వాడికైతే చెయ్యి మంచిది కాదు. వాడి గురించి రాస్తున్నానంటే మా ఆయన "ఆ రౌడీ గురించా?" అని నవ్వాడు. అవును, రౌడీయే. కాదని నేనెక్కడన్నాను?

వాళ్ళది అర్ధవీడు దగ్గర ఒక పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. తండ్రి ముందే పోయాడు. తల్లి పిచ్చమ్మ, నాగులు, వాడికంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు వెంకటేష్, వీళ్ళే ఇంట్లో. నాగులుకి పద్దెనిమిదేళ్ళప్పుడు మేత బీడు దగ్గర గొడవైతే పక్క ఊరివాడు ఒకడు పిచ్చమ్మని చెంప మీద కొట్టాడు. నాగులు వాడి మీద పడి చెవి కొరికి ఊడదీశాడు. వాడి అన్న కొడవలి విసిరితే నాగులు ఎడమ చేతి వేళ్ళు రెండు తెగి రాళ్ళలో పడ్డాయి. వాటిని వెతికే తీరిక ఎవరికీ లేదనీ, కుక్కలు తిని ఉంటాయనీ నేను అన్నం తినేటప్పుడు కావాలని చెప్పేవాడు, దరిద్రుడు. ఆ చేత్తో కర్ర పట్టి మంద తోలలేక గిద్దలూరులో టీవీలు బాగుచేసే ఆయన దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. మిగిలిన మూడు వేళ్ళతో మదర్‌బోర్డు పట్టుకుని, కాలే కడ్డీతో సీసం కరిగించి వాడు పెట్టే టాంకాలు, పది వేళ్ళూ బాగున్నవాళ్ళు పెట్టమనండి చూద్దాం.

పని ఎంత సున్నితమో మనిషి అంత మొరటు. హార్డ్ డిస్కు మార్చేశావని ఒక కాలేజీ లెక్చరర్ దొంగతనం అంటగడితే కీబోర్డు తీసి ఆయన నెత్తిన పగలగొట్టాడు. అక్షరాల బొత్తాలు నా మెట్ల దాకా ఎగిరి పడ్డాయి. బాడుగ గురించి నోరు పారేసుకున్న ఇంటాయన్ని కాలర్ పట్టుకుని డ్రైనేజీలో కూర్చోబెట్టాడు. నన్ను మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. నేనే కొట్టాను. నా కరెంటు మీటరు నుంచి దొంగతనంగా వైరు లాక్కున్నాడని తెలిసి ఒళ్ళు మండి, కాగితాలకి బొక్కలు పెట్టే మిషను విసిరితే నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. మర్నాడు ఆ మిషన్‌కి నూనె వేసి, బిగుసుకుపోయిన స్ప్రింగు మార్చి తెచ్చిచ్చాడు. అంతకంటే క్షమాపణ వాడికి రాదు.

ఆ కోపమంతా ఒక్క మనిషి దగ్గర నీరుగారిపోయేది. తమ్ముడు వెంకటేష్ దగ్గర. మంద వాడికే వదిలేశాడు. వాడు బండి కావాలంటే బండి, ఫోను కావాలంటే ఫోను. వాడు తాగి ఎవర్నైనా కొట్టాడని కబురొస్తే, ముందు ఎవడు రెచ్చగొట్టాడని అడిగేవాడు. తమ్ముడి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

నాలుగేళ్ళ కిందట, సంక్రాంతి పోయిన నెలకి, వెంకటేష్ మంద ఆదిశేషు అనే రైతు పెసర చేలో పడింది. మందని తోలుతున్నది జీతగాడు మస్తానయ్య. ఆదిశేషుది నాగులు వాళ్ళ ఊళ్ళోనే పాత కాపురం, తాతల నాటి భూమి, పరువు గల మనిషి. పంట నేలమట్టమయ్యేసరికి కోపం పట్టలేక గడ్డపార తీసుకుని ముందున్న పొట్టేలు తల బద్దలు కొట్టాడు. అది మామూలు పొట్టేలు కాదు. అంకమ్మ తల్లికని అప్పటికి మూడేళ్ళ ముందు వదిలిన పొట్టేలు. దాని కొమ్ములకి పసుపు రాస్తారు, దాన్ని ఎవరూ కర్రతో కూడా అదిలించరు. ఆ పొట్టేలు చచ్చిన కాసేపటికి ఆదిశేషు కూడా చచ్చాడు, మెడ మీద మూడు గొడ్డలి దెబ్బలతో. జనం ఉరికొచ్చేసరికి శవం పక్కన మస్తానయ్య ఉన్నాడు. చేతిలో గొడ్డలి ఉంది. కొమ్మలు నరకడానికి కాపరులు భుజాన వేసుకునే గొడ్డలి, అది అతనిదే.

అతన్ని పాలకేంద్రం స్తంభానికి కట్టేసి ఊరంతా తలా ఒక దెబ్బ వేశారు. పోలీసులు రాకముందే నాగులు బండి మీద అక్కడికి చేరాడు. ఆ రోజు వాడు చేసింది వాడే నాకు చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. మస్తానయ్య రక్తం ఉమ్ముతూ "నరికింది నేను గాదు నాగులూ, నీ తమ్ముడు" అన్నాడట. తమ్ముడు పొద్దుననే గొర్రెల మందుకని కంభం పోయినట్టు ఫోనులో చెప్పాడు. కోపం నషాళానికి అంటింది నాగులుకి. కట్టేసి ఉన్న మనిషిని పిడికిలితో నోటి మీద కొట్టాడు. మూడు పళ్ళు రాలాయి. చెప్పిన మాట వెనక్కి తీసుకొమ్మని డొక్కలో తన్నాడు. తీసుకోలేదు. మళ్ళీ తన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. కట్టేసిన మనిషిని కొడతావా, నీకసలు సిగ్గుందా అని నేను గోడకి ఇవతలి నుంచి అరిస్తే, వాడు అవతలి నుంచి తన సిగ్గు సంగతి నాకెందుకన్నాడు. వారం రోజులు మాటల్లేవు.

మస్తానయ్య జైల్లో పడ్డ నెల తిరిగేసరికి అతని భార్య చెంచమ్మ మా సందులోకి వచ్చింది. కొంగుకి ముడేసిన పెన్‌డ్రైవు విప్పి నాగులు ముందు పెట్టింది. పాలకేంద్రానికి కెమెరాలు పెట్టింది నాగులే, చాలా ఏళ్ళ కిందట. వాటిలో ఒకటి రోడ్డు వైపు చూస్తుంది. రోడ్డుకి అవతల ఆదిశేషు చేను. బొమ్మలు దాచుకునే ఆ కెమెరా డబ్బా పదిరోజులకొకసారి పాత బొమ్మలు చెరిపేసుకుంటుందని, అక్కడి మేనేజరు ఆ రోజు బొమ్మంతా ఈ పెన్‌డ్రైవులోకి తీసి ఉంచాడు. తర్వాత ఉరుముల వానకి డబ్బా కాలిపోయింది. చెంచమ్మ పెన్‌డ్రైవు అడిగి తీసుకుని స్టేషన్‌కి పోతే, అక్కడి కంప్యూటరు దాన్ని ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. ఇది ఖాళీదమ్మా, తీసుకుపో అని చేతిలో పెట్టి పంపేశారు.

నాగులు బకెట్లో నీళ్ళు ఆమె కాళ్ళ ముందు గుమ్మరించి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. రెండు రోజులు షట్టరు ముందు కూర్చుంది. నేను టీ తెప్పిస్తే తాగింది, అన్నం పెడితే వద్దంది. లోపల ఉన్నవాడికి సలిపింది చూడండి, మూడోరోజు పొద్దున బయటికొచ్చి ఆమె చేతిలోంచి పెన్‌డ్రైవు లాక్కున్నాడు.

"రా వదినా, చూద్దువుగాని. నీ మొగుడు ఎట్ల నరికినాడో నీ కండ్లతోనే చూద్దువుగాని" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. తమ్ముడికి ఫోను చేసి, మస్తానయ్య అబద్ధం ఇవాళ బయటపడుతుంది, నువ్వూ రా అని పిలిచాడు. ఈ మాట నా చెవులతో విన్నాను. ఒక్కోసారి మనిషి తన గొయ్యి తానే తీసుకుంటాడు, అదీ నవ్వుతూ తీసుకుంటాడు.

ఆ పాత కెమెరా డబ్బా రాసే పద్ధతి దానిదే. మామూలు కంప్యూటరుకి అది అర్థం కాదు కాబట్టి ఖాళీ అనుకుని ఫార్మాట్ చేయమంటావా అంటుంది. సరేనని ఒక్క నొక్కు నొక్కితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ బొమ్మ చూపించే సాఫ్ట్‌వేరు పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇప్పుడెక్కడున్నాయి? అందుకని నాగులు తన కంప్యూటరు లోపల ఉత్తుత్తి కంప్యూటరు ఒకటి నడిపి దాంట్లో ఎక్స్‌పీ పెట్టుకున్నాడు. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. పెన్‌డ్రైవు గుచ్చాడు. బయటి కంప్యూటరు ఠంగుమని మోగి ఫార్మాట్ చేయమంటావా అంది. లోపలి ఎక్స్‌పీ మాత్రం ఏమీ గుచ్చనట్టే ఉంది.

ఏమైందని చెంచమ్మ అడిగింది. వాడు ఆమెకి చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. "పెద్ద దొడ్డిలో గొర్రెపిల్లలకి చిన్న దొడ్డి కడతాం గదా వదినా, అట్ల. ఇది పెద్ద దొడ్డి దాకా వచ్చింది. చిన్న దాంట్లోకి రానంటా ఉంది." ఆమె తలూపింది. ఏళ్ళ తరబడి జెరాక్స్ నడిపిన నాకు అర్థం కానిది ఆమెకి ఒక్క మాటలో అర్థమైంది.

మొదట, లోపలి ఎక్స్‌పీకి యూఎస్‌బీ పంపే అదనపు సాఫ్ట్‌వేరు ముక్క పాతబడిందని తేలింది. వర్చువల్ మెషీన్ ఒక ఏడాదిదీ, ఆ ముక్క వేరే ఏడాదిదీ. సరిపడేది నెట్లోంచి దింపుకుని వేశాడు. ఇప్పుడు పట్టీలో పెన్‌డ్రైవు పేరు కనిపించింది. దాని పక్కన టిక్కు పెడితే, ఇది వేరేచోట వాడుకలో ఉందని తిప్పికొట్టింది. అంటే బయటి కంప్యూటరు దాన్ని వదలడం లేదు. ఒకే సమయంలో ఇద్దరికీ అది అందదట. బయట ఉన్న పట్టు విడిపించి మళ్ళీ టిక్కు పెట్టాడు. ఈసారి లోపల ఎక్స్‌పీ ఠంగుమంది. చెంచమ్మ లేచి నిలబడింది. అంతలోనే, ఈ పరికరాన్ని గుర్తించలేకపోతున్నానని చెప్పింది. నాగులు బల్ల మీద గుద్దితే టీ గ్లాసు పడి పగిలింది. గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారుతుంటే ఆ చేత్తోనే మౌసు పట్టుకున్నాడు. నేను తిట్టి గుడ్డ కట్టాను.

మధ్యాహ్నం దాటాక వాడికి తట్టింది. పెన్‌డ్రైవు కొత్త రకం, వేగంగా పనిచేసేది. గుచ్చింది కూడా నీలం రంగు పోర్టులో, అదీ వేగంగా పనిచేసేదే. ఎక్స్‌పీ పుట్టేనాటికి ఆ వేగం లేదు, దానికి ఆ భాష రాదు. నల్ల పోర్టులో గుచ్చితే పాత వేగంతో మాట్లాడుతుంది. కానీ ఆ కంప్యూటరుకి నల్ల పోర్టులు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. అది ఎవరి పనంటే వీడి పనే. దసరాకి అందరూ కంప్యూటరు పైన బొట్టు పెడతారు. వీడు మాత్రం మంద దగ్గర పూజలో పొట్టేలు నోట్లో పసుపు నీళ్ళు పోసే ఇంట్లో పుట్టినవాడు. నోట్లో పడితేనే అందుతుందని నమ్మకం. అందుకని గంధం, కుంకుమ తడిపి పోర్టుల నోళ్ళలో కుక్కాడు. ఏడాదికేడాది గట్టిపడి అది సిమెంటు అయింది. అక్కడే నాకు నవ్వొచ్చింది, నవ్వానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నా పిన్నీసు ఇచ్చాను. స్పిరిట్ పోసి, పిన్నీసుతో గీకి, ఊది, గంటసేపు తవ్వాడు. ఎర్రటి పొడి రాలింది. పెన్‌డ్రైవు గుచ్చాడు. ఎక్స్‌పీ ఠంగుమంది, ఇక ఏ మాటా అనలేదు. పాత సాఫ్ట్‌వేరు తెరుచుకుని తారీఖులు చూపించింది.

బొమ్మకి శబ్దం లేదు. ముందు పాలక్యాన్లు, వాటి వెనక రోడ్డు, అవతల చేను. ఆదిశేషు గడ్డపార ఎత్తి పొట్టేలు తల మీద వేశాడు. పొట్టేలు కాళ్ళు తన్నుకుంది. మస్తానయ్య గొడ్డలి కింద పెట్టి దాని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అప్పుడు రోడ్డు మీద బండి ఆగింది. ఎర్ర బండి. నాగులు కొనిచ్చిన బండి. వెంకటేష్ దిగి, చేలోకి ఉరికి, కింద ఉన్న గొడ్డలి అందుకుని ఆదిశేషు మెడ మీద నరికాడు. ఆదిశేషు చేతులు అడ్డం పెట్టాడు. మళ్ళీ నరికాడు. మస్తానయ్య వెనక నుంచి వెంకటేష్ నడుము పట్టుకుంటే మోచేత్తో కొట్టి పడేసి మూడోసారి నరికాడు. బండెక్కి వెళ్ళిపోయాడు. మస్తానయ్య పాక్కుంటూ పోయి, మెడలో దిగిన గొడ్డలి లాగి, అది ఒక చేతిలో ఉండగానే రెండో చేత్తో తలపాగా విప్పి గాయానికి అదిమాడు. జనం వచ్చేదాకా అదిమే ఉన్నాడు.

చెంచమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను. నాగులు బొమ్మని వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు, మళ్ళీ చూశాడు. తర్వాత తల తిప్పకుండానే "మస్తానన్న నిజమే చెప్పినాడు వదినా. నేను ఆ నోరే పగలగొట్టినా" అన్నాడు.

అప్పుడే వెంకటేష్ వచ్చాడు. తెర మీద తన బండి చూశాడు. వెనక్కి తిరిగి షట్టరు లోపలి నుంచి కిందికి లాగేశాడు. మేం నలుగురం లోపల. మొదట మెల్లగానే అడిగాడు, అన్నా ఫార్మాట్ కొట్టు, ఒక్క నొక్కు, ఎవురికీ తెల్దు అని. నాగులు పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకున్నాడు. వెంకటేష్ వాడి మీద పడ్డాడు. నాగులు తిరిగి కొట్టలేదు. జీవితమంతా ఊరి మీద పడి కొట్టినవాడు తమ్ముడి దగ్గర చేతులు వేలాడేసి దెబ్బలు తిన్నాడు. జేబు చిరిగింది. నాగులు పెన్‌డ్రైవు తీసి నోట్లో వేసుకుని పళ్ళు బిగించాడు. వెంకటేష్ గొంతు నులిమాడు. నోరు తెరవకపోయేసరికి బల్ల మీద కాలుతున్న టాంకా కడ్డీ తీసి అన్న మెడకి ఆనించాడు. మాంసం కాలిన వాసన వచ్చింది. నాగులు అరిచాడు, అదీ ముక్కుతోనే అరిచాడు, నోరు మాత్రం తెరవలేదు.

చెంచమ్మ వెనక నుంచి వెంకటేష్ జుట్టు పట్టుకుంది. వాడు విదిలిస్తే ఎగిరి అద్దాల బీరువా మీద పడింది, నుదురు చీలి మొహమంతా రక్తం. అది చూశాక నాగులులో ఏదో తెగింది. తమ్ముడి మోకాలి మీద బూటుతో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాడు పడుతూ పడుతూ స్క్రూడ్రైవరు అందుకుని అన్న తొడలో దింపాడు. నేను ఊరికే నిలబడ్డానా? రిపేరుకని తెచ్చిపెట్టిన నా జెరాక్స్ మిషను టోనర్ డబ్బా మూత తీసి ఆ పొడి వెంకటేష్ కళ్ళలో కొట్టాను. గుడ్డివాడిలా చేతులు తిప్పుతుంటే నాగులు వాడి ఛాతీ మీద కూర్చుని, నెట్ వైరుతో చేతులు కట్టి, ఏడుస్తూ కొట్టాడు. తమ్ముడి పేరు పిలుస్తూ కొట్టాడు. ఇక చాలురా చస్తాడు అని నేను నాగులు మెడ పట్టి లాగాల్సి వచ్చింది. షట్టరు ఎత్తి సందంతా కేకలు వేశాను.

పెన్‌డ్రైవు మీద పళ్ళ గాట్లు పడ్డాయి. తుడిచి, ఆరబెట్టి, లాయరు ముందు, పోలీసుల ముందు నాగులే మళ్ళీ తెరిచి చూపించాడు. తమ్ముడి మీద సాక్ష్యం రాసిచ్చి సంతకం పెట్టాడు. వెంకటేష్ జైలుకి పోయాడు. మస్తానయ్య బయటికి వచ్చాడు.

విడుదలైన రోజే చెంచమ్మతో కలిసి మా సందుకి వచ్చాడు. పక్కటెముకలు సరిగ్గా అతుక్కోలేదు, ఒక పక్కకి వంగి నడుస్తున్నాడు. నాగులు ఎదురుపోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మస్తానయ్య బలం కొద్దీ చెంప మీద కొట్టాడు. నాగులు కదల్లేదు. రెండోది కొట్టమన్నట్టు చెంప తిప్పాడు. మస్తానయ్య కొట్టలేదు. చెంచమ్మని తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే పిచ్చమ్మ వచ్చింది. నాగులు తల్లి. మధ్యాహ్నం, సందులో జనం లేరు. నేను కాగితాలు సర్దుతున్నాను. ఆమె షట్టరు ముందు నిలబడి చెప్పు తీసి కొడుకుని కొట్టింది. తల మీద, మొహం మీద, మానని కాలిన మెడ మీద. నా కడుపున పుట్టి తోడబుట్టినోణ్ణి పట్టిస్తావా అని కొట్టింది. వాడు నేల మీద కూర్చుని దెబ్బలు తింటూనే, మస్తానన్న ఏం పాపం చేసినాడమ్మా అన్నాడు. ఏ పాపం చేయలేదని ఎవరికీ తెలియదు గదా, నాకూ తెలియలేదు, బొమ్మ చూస్తేనే తెలిసింది అన్నాడు. వాడు ఆమెని సమాధానపరుస్తున్నాడు పాపం.

పిచ్చమ్మ చెప్పు కింద పడేసింది. "నాకు తెల్దనుకున్నావా? ఆ పొద్దు వాడు ఇప్పేసిన చొక్కా ఉతికింది ఎవురు? రెండు నీళ్ళకీ మరక పోలా. పొయ్యిలో పెట్టినా" అంది.

మస్తానయ్యని స్తంభానికి కట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది. నాగులు పళ్ళు రాలగొట్టినప్పుడు ఆమె అన్నీ తెలిసీ చూస్తూ నిలబడింది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె వెళ్ళిపోయింది.

చాలాసేపటికి నాగులు నా మెట్ల దగ్గరికి వచ్చాడు. ముక్కులోంచి కారే రక్తం తుడుచుకోలేదు. కోర్టులో ప్రమాణం చేసి అన్నీ చెప్పాల్సినవాడు. తమ్ముణ్ణి ఇచ్చేశాడు. రక్తపు చొక్కా కాల్చిందని చెబితే ఇప్పుడు తల్లి వంతు.

"అక్కా, మా యమ్మ అన్నది నువ్వు విన్నావా?" అన్నాడు.

నేను కాగితాల్లోంచి తల ఎత్తలేదు. మిషను తిరుగుతా ఉంది, ఏం వినపడిందిరా నాకు అన్నాను. మిషను ఆగి ఉంది. వాడు ఆగి ఉన్న మిషను వైపు చూశాడు, నా వైపు చూశాడు, తల ఊపి తన దుకాణంలోకి వెళ్ళిపోయాడు. కోర్టులో వాడిని అడగలేదు, వాడు చెప్పలేదు. నన్ను అడిగారు, ఇంకేమైనా తెలుసా అని. తెలియదన్నాను.

పిచ్చమ్మ పోయిన ఏడాది కాలం చేసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. విన్నాను. ప్రతి మాటా విన్నాను.